జింకగూడకో ఉరికంబం

"జింకగూడ నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్ వారి ముఖ్య గమనిక! మన ఊరి చారిత్రక ఉరికంబాన్ని ఈ ఆదివారం మంత్రిగారు ప్రారంభిస్తున్నారు. కావున పౌరులందరూ కుటుంబ సమేతంగా విచ్చేసి, ఉరికంబాన్ని జయప్రదం చేయవలసిందిగా కోరడమైనది!"

మైకు కట్టిన ఆటో ఒకసారి తెలుగులో, ఒకసారి ఒడియాలో అరుచుకుంటూ గుణుపురం రోడ్డు మొదలు సంతబయలు దాకా తిరిగింది. అంతవరకూ తమ ఊరికి ఉరికంబం ఉన్నదనే సంగతి తెలియని జనం, తెలిసేసరికి కాస్త గర్వపడ్డారు. లేని ఆస్తి కలిసొస్తే ఎవరికి చేదు?

ఈ ఘనతంతా ఛైర్మన్ ఢిల్లీశ్వరరావుగారిది. మురికికాలువల మీద అధ్యయనం చేసి రమ్మని ప్రభుత్వం ఆయన్ని ఇంగ్లండు పంపింది. ఆయన వెళ్ళిన ఊరి పేరు ఆయన నోటికీ తిరగలేదు, మనకూ తిరగదు. ఆ ఊళ్ళో కాలువలన్నీ భూమిలోపల ఉన్నాయట. కనపడని దాన్ని ఎంతసేపని అధ్యయనం చేస్తారు? అందుకని కనపడినదాన్ని చూసి వచ్చారు. అక్కడ ఒకప్పుడు దొంగలను జనం మధ్యలో ఉరితీసేవారట. జనం పిల్లల్ని భుజానికెత్తుకుని, తినడానికి మూటలు కట్టుకుని మరీ వచ్చేవారట. అంతటితో ఊరుకోక శవానికి తారు పూసి, ఇనప పంజరంలో పెట్టి, ఎముకలు రాలేదాకా దారిపక్కన వేలాడదీసేవారట. ఇప్పుడక్కడ ఒక పలకరాయి పాతారు. దేశదేశాల జనం వచ్చి దానిముందు నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు.

"వాళ్ళకి సచ్చినోళ్ళ మీదున్న శ్రద్ధ మనకి బతికినోళ్ళ మీదైనా నేదు" అని ఛైర్మన్‌గారు మీటింగులో కళ్ళు తుడుచుకున్నారు.

మరి జింకగూడలో ఉరికంబమేదీ? వెతగ్గా వెతగ్గా మూడురోడ్ల జంక్షన్‌లో దొరికింది. అక్కడ సన్యాసయ్య టీబడ్డీని ఆనుకుని ఒక పాత కర్రస్తంభం, దానికి ఒక ఇనపకొక్కెం ఉన్నాయి. సన్యాసయ్య ఆ కొక్కేనికి అరటిగెల వేలాడదీసుకుంటాడు. ఛైర్మన్‌గారు కారు ఆపి, గెలవైపు చాలాసేపు చూశారు.

"పట్నాయక్ బాబూ, ఇదే!" అన్నారు.

ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ పట్నాయక్ బాబు స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి, "హఁ సార్, బ్రిటిష్ టైమ్" అన్నారు. చరిత్ర పరిశోధన అక్కడికి పూర్తయింది.

తరువాత ఛైర్మన్‌గారు బడ్డీని చూశారు. "ఇది తీసెయ్యాలి."

సన్యాసయ్య తండ్రినాటి బడ్డీ అది. సంతకొచ్చే సవరలు, బస్సు దిగే గుణుపురం కాలేజీ పిల్లలు, అందరికీ అదే టీ. అది పోతే అతనికీ, భార్య అప్పమ్మకూ పొయ్యి వెలగదు.

"బాబూ, నానేటి సేసినాను? ఆ కంబానికి అడ్డమేటి?" అని కాళ్ళమీద పడ్డాడు.

ఛైర్మన్‌గారిది వెన్నలాంటి మనసు. "ఇంగ్లండులో రూలుందిరా. ఉరితో సంబంధమున్న కుటుంబమైతే అక్కడ ఉండొచ్చు. సంబంధం నేనోళ్ళు ఉండకూడదు. నీకేమైనా సంబంధముందేటి?" అని అడిగారు.

సన్యాసయ్యకు ఏమనాలో తోచలేదు. టీ వడకడుతున్న అప్పమ్మకు తోచింది.

"ఎందుకు నేదు బాబూ? మా మావ తాత, గురువులని పేరు, ఈ కంబానికే ఏలాడేడు. ఊరంతా సూసింది."

అందులో అబద్ధం ఒక్కటి లేదు. అది అమ్మవారి జాతరలో సిడి తిప్పిన మాను. మొక్కుకున్నవాడి నడుముకు దట్టీ బిగించి, కొక్కేనికి తగిలించి, పైకెత్తి గిర్రున తిప్పేవారు. సర్కారు వద్దన్నాక మనిషి బదులు గుమ్మడికాయను తిప్పారు. గుమ్మడికాయ ధర పెరిగాక అదీ మానేశారు.

"తప్పు కాదేటే?" అన్నాడు సన్యాసయ్య, కారు వెళ్ళిపోయాక.

"ఏలాడేడా, నేదా?"

"ఏలాడేడు."

"మరి అంతవరకే సెప్పు. దిగేడని నిన్నెవులడిగేరు?"

మర్నాడు ఆఫీసులో విచారణ. పట్నాయక్ బాబు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"మీ ముత్తాతను ఎవరు వేలాడదీశారు?"

"ఊరోళ్ళే బాబూ."

"మనవాళ్ళ చేతనే చేయించాడు తెల్లవాడు!" అన్నారు ఛైర్మన్‌గారు.

"తాడు మెడకా?"

"నడుముకి బాబూ."

పట్నాయక్ బాబు ఆగారు. ఛైర్మన్‌గారు ఆగలేదు. "పొడుగు మనిషై ఉంటాడు. మెడ అందలేదు."

"ఆ సమయంలో ఆయన ఏమన్నాడు?"

"జై తల్లీ అని అరిసేడట."

"భారతమాత!" అని ఛైర్మన్‌గారు లేచి నిలబడ్డారు. ఆయన నిలబడ్డారు గనక అందరూ నిలబడ్డారు.

"ఎలా చనిపోయాడు?" పట్నాయక్ బాబు గొంతు కూడా మెత్తబడింది.

సన్యాసయ్య అప్పమ్మవైపు చూశాడు. అప్పమ్మ గోడవైపు చూసింది. "కలరా వచ్చి, బాబూ. ముసిలోడయ్యాక" అన్నాడు సన్యాసయ్య.

పట్నాయక్ బాబు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సూసేరా," అన్నారు ఛైర్మన్‌గారు చివరికి, "ఉరేసి కూడా ఒదల్నేదు. కలరా కూడా తగిలించేడు! ఎంత కసి!"

ఉరి తరువాత ఆయనకు నలుగురు పిల్లలు పుట్టినట్టు కూడా విచారణలో తేలింది. అంతటి కష్టంలోనూ వంశాన్ని నిలబెట్టిన ధీరుడని రాసుకున్నారు. సన్యాసయ్యకు ఉరి వారసుడిగా గుర్తింపు లభించింది. "జంక్షన్‌లో నీ చోటు శాశ్వతం" అని ఛైర్మన్‌గారు అతని భుజం తట్టారు.

మాజీ ఛైర్మన్ రామ్‌ప్రసాద్‌గారు మాత్రం ఊరుకోలేదు. విలేకర్లను పిలిచి, "ఈ ఉరి మా హయాంలోనే మంజూరైంది. వీళ్ళు రిబ్బను మాత్రమే కత్తిరిస్తున్నారు" అని ఖండించారు.

పంజరం తయారైంది. అందులో పెట్టడానికి రాయగడ బట్టలకొట్టు నుంచి ఒక బొమ్మను తెచ్చి, పంచె కట్టి, తారు పూశారు. బొమ్మ మొహంలో నవ్వు మాత్రం తారుకు కూడా లొంగలేదు.

"మీ ముత్తాతకి ఈ దొరముక్కేటి?" అంది అప్పమ్మ.

"ఊరుకోయే. బడ్డీ నిలబడింది కదా" అన్నాడు సన్యాసయ్య. అప్పటికతనికి బొమ్మమీద కాస్త అభిమానం కూడా కలిగింది. పొద్దున్నే దుమ్ము దులిపి, దండం పెట్టేవాడు.

ఆదివారం వచ్చింది. మంత్రిగారూ వచ్చారు. జేసీబీ ఒకటి తొట్టినిండా బంతిపూలు ఎత్తి ఆయన మీద కుమ్మరించింది. ఇసకేస్తే రాలని జనం. బడ్డీ దగ్గర అప్పమ్మకు చెయ్యి ఖాళీ లేదు. సన్యాసయ్యను వేదికమీద మంత్రిగారి పక్కనే కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఇస్త్రీ చొక్కాలో అతనికి పెళ్ళినాటికంటే ఎక్కువ చెమట పట్టింది.

మంత్రిగారు బొమ్మను చూసి, మాట్లాడలేక, అరగంట మాట్లాడారు.

"సోదరులారా! ఇది జంక్షన్ కాదు, పుణ్యక్షేత్రం. ఈ నేలమీద ఒక మహావీరుడు నడుముకు తాడుతో, కడుపులో కలరాతో ప్రాణాలర్పించాడు. అలాంటి చోట, ఆ వీరుడి పాదాల దగ్గర, టీ అమ్ముతున్నారు! బజ్జీలు వేస్తున్నారు! ఇది చూసి ఈ వారసుడి మనసు ఎంత క్షోభించి ఉంటుంది? ఆయన నోరు తెరిచి అడగలేదు. నేను అర్థం చేసుకోగలను. ఆయన గౌరవార్థం, ఈ క్షణమే!"

చెయ్యి ఊపారు. పూలు చల్లిన జేసీబీయే మెల్లగా బడ్డీవైపు తిరిగింది.

"ఓలయ్యో, పాలు పొయ్యిమీదున్నాయి!" అని అరిచింది అప్పమ్మ.

సన్యాసయ్య లేచాడు. లేచినవాణ్ణి కృతజ్ఞతలు చెప్పడానికి లేచాడనుకుని చేతికి మైకిచ్చారు.

"బాబూ, ఆపండి! బడ్డీ మాదే! నాను అబద్ధమాడినాను బాబూ. మా ముత్తాత సావనేదు. ఉరి కాదది, సిడి. అమ్మోరి మొక్కు. ఏలాడేడు, దిగేడు, బువ్వ తిన్నాడు, ఇంటికెళ్ళిపోనాడు. సావనేదు బాబూ!"

జనం మంత్రిగారి వైపు తిరిగారు. మంత్రిగారు నెమ్మదిగా మైకు అందుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"విన్నారా! చావలేదట! రక్తసంబంధమంటే ఇది. అవును నాయనా, అలాంటివాళ్ళు చావరు. మన గుండెల్లోకి దిగారు. మన ఇళ్ళకే వెళ్ళారు. అమరవీరుడు గురువులు..."

"జిందాబాద్!" అన్నారు జనం. చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్లలో రేకులు కూలిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు. అప్పమ్మ పాలగిన్నెను మసిగుడ్డతో పట్టుకుని, రోడ్డుమధ్య నిలబడిపోయింది.

అరిచి అరిచి మంత్రిగారి గొంతు పట్టేసింది. కుర్చీలో కూలబడి, "ఇక్కడ టీ బాగుంటుందన్నారే?" అన్నారు.

ఛైర్మన్‌గారు వెనక్కి తిరిగారు.

"సన్యాసయ్యా, సూస్తావేటి? అయ్యగారికో టీ. పంచదార నేకుండా."