‘ఇతర కీటకాలు’ కాలమ్‌లో హైమావతి

ఏ పువ్వు ఎప్పుడు పిందె కట్టాలో, ఎవరి చలవతో కట్టాలో నిర్ణయించే అధికారం సృష్టి మొదలైన నాటి నుంచీ ప్రకృతి దగ్గరే ఉండేది. అందులో జవాబుదారీతనం లోపించిందని గమనించి, కిందటేడు ఆ అధికారాన్ని అవనిగడ్డలోని పరాగ సమన్వయ కార్యాలయానికి బదిలీ చేశారు. (ప్రకృతికి నకలు పంపారు. జవాబు రాలేదు గనక ఒప్పుకున్నట్టే లెక్క.)

ఈ సంస్కరణ వల్ల అందరికన్నా ముందు మేలు పొందిన మనిషి నాగాయలంక పక్క పల్లెలో ఉండే హైమావతి.

ఆవిడకి పావెకరం గ్రీన్‌హౌస్ ఉంది. ఉంది అనడం మాటవరసకే. కాయితాల్లో అది భర్త నాంచారయ్యది. నాంచారయ్య రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. గ్రీన్‌హౌస్‌లోకి వస్తే ఉక్కపోస్తుందని గుమ్మం దగ్గరే నిలబడి, "ఎలా ఉన్నయ్యే కాయలు?" అని అడిగి వెళ్లిపోతాడు. కార్యాలయం దరఖాస్తులో అతను 'రైతు'. హైమావతి 'కుటుంబ సభ్యులు (పని చేయనివారు)'. రైతు కార్డు కోసం ఆవిడ మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ భూమి కాయితం తెమ్మన్నారు.

పని చేయని ఆ మనిషి ఉప్పు నేల మీద మట్టి తోలించి పుచ్చ విత్తనాలు పెట్టింది. తీగల్ని తాళ్ల మీదకి ఎక్కించింది. కాయల బరువుకి తీగ తెగకుండా పాత చేపల వలలు కోసి, కాయ కాయకీ ఉట్టి కట్టడానికి ముక్కలు సిద్ధం చేసుకుంది. వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. గ్రీన్‌హౌస్ చుట్టూ దోమ కూడా దూరని వల. తేనెటీగ రాదు. అందుకని రోజూ పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు వలిచి, ఆడపువ్వు మీద మెల్లగా అద్దాలి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది.

కార్యాలయం వారి నిబంధనల పుస్తకం పద్నాలుగో పేజీలో 'లోపలికి ఏ కీటకమూ రాకూడదు' అని ఉంది. పదిహేనో పేజీలో 'నమోదైన కీటకం కట్టించిన కాయకే కోత పాసు' అని ఉంది. (ఆ రెండు పేజీలూ అంటుకుపోయి ఉండటం వల్ల అప్పటిదాకా గొడవ రాలేదు.)

ఒకరోజు ఏడింటికి మండల పరాగ పర్యవేక్షకుడు కిరణ్ కుమార్ ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. చుట్టూ చూశాడు.

"తేనెటీగలేవండీ?"

"వల ఉంది కదా సార్. రావు."

"వల ఉండాలమ్మా. తేనెటీగలూ ఉండాలి. మరి ఈ పిందెలెలా కట్టినయ్?"

"నేనే సార్," అంది హైమావతి, చేతిలో ఉన్న మగపువ్వు చూపించి.

కిరణ్ కుమార్ మంచివాడు. ఎవరి పనీ ఆపడం అతనికి ఇష్టం ఉండదు. యాప్ తెరిచాడు. తేనెటీగ, తుమ్మెద, సీతాకోకచిలుక, ఇతర కీటకాలు అని నాలుగే ఉన్నాయి. మనిషి లేదు. ఆలోచించి నాలుగోది నొక్కాడు. పేరు: హైమావతి. రెక్కల సంఖ్య దగ్గర సున్నా వేస్తే యాప్ ఒప్పుకోలేదు.

"చేతులు రెండున్నయ్ కదమ్మా," అని రెండు వేశాడు. "కుడతారా?"

"మా ఆయన్ని అడగండి."

'కొన్ని సందర్భాల్లో' అని నొక్కాడు.

రైతుగా గుర్తించడానికి ఏళ్లు పట్టినా తేలని మనిషిని కీటకంగా గుర్తించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నాంచారయ్య ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'అభినందనలు! మీ కీటకం ఆమోదం పొందింది. యజమాని: నాంచారయ్య.' అతను చెరువు గట్టు మీదే పడీ పడీ నవ్వాడు. ఇంటికొచ్చి చదివి వినిపించాడు. హైమావతి నవ్వలేదు. ఆ పూట కూరలో ఉప్పు వేయలేదు.

పేరంటూ నమోదయ్యాక బాధ్యతలు తప్పవు. కీటకం మూడు కిలోమీటర్లు దాటి వెళ్లరాదన్నారు. గుడివాడలో చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లడానికి హైమావతి 'తాత్కాలిక వలస' కింద అనుమతి అడిగింది. గుంపుగా వెళ్తున్నారా, ఒంటరిగానా అని అడిగారు. ఒంటరిగానే అంది. (గుంపుగా అయితే అగ్నిమాపక శాఖ సంతకం కావాలి.)

ముప్పయ్యో రోజున ఇంకో మెసేజ్ వచ్చింది. 'మీ కీటకం ఆయుర్దాయం ముగిసింది. మా ప్రగాఢ సానుభూతి.'

ఉట్లలో మూడొందల అరవై కాయలు పండటానికి సిద్ధంగా ఉన్నాయి. కోత పాసు లేందే వాటిని లారీ ఎక్కించరు. పాసుకి కీటకం ధ్రువీకరణ కావాలి. కీటకం పోయింది. ఇంకో వారం ఆగితే లోపల గుజ్జంతా పీచయిపోతుంది. హైమావతి పొద్దున బస్సుకి అవనిగడ్డ వెళ్లింది.

కార్యాలయంలో కంప్యూటర్ ముందు ప్రసన్నలక్ష్మి అనే అమ్మాయి ఉంది. తెర చూసి, "మీరు పోయినట్టు చూపిస్తోందండీ," అంది ఇబ్బందిగా.

"పోతే బస్సులో సీటు కోసం కొట్లాడి ఎలా వచ్చానమ్మా?"

"నాకు అర్థమవుతోందండీ. సిస్టమ్‌కి చెప్పే వీల్లేదు." ఇంకాస్త కిందికి జరిపి చూసింది. "ఒక దారుంది. మృత కీటకం స్థానంలో వారసుడు కీటకంగా చేరి సంతకం పెడితే చాలు. మీ వారసులెవరు?"

"మా ఆయనే."

"ఆయన యజమాని కదండీ. యజమానే కీటకం కావడం కుదరదు. యజమానిని మార్చాలి."

హైమావతి ముందుకు జరిగి కూర్చుంది. "యజమానికి భూమి కాయితం కావాలా?"

ప్రసన్నలక్ష్మి వెతికింది. మళ్లీ వెతికింది. పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. "రైతుకే కావాలండీ. కీటక యజమానికి అడగట్లేదు. వేలిముద్ర చాలు."

హైమావతి పుప్పొడి మరకలు పోని బొటనవేలు పెట్టింది.

మర్నాడే పాసు వచ్చింది. యజమాని: హైమావతి. వారసత్వ కీటకం: నాంచారయ్య. సాగుకి సంబంధించి ఆవిడ పేరు మీద వచ్చిన మొదటి సర్కారు కాయితం అది. దానికి ప్లాస్టిక్ కవర్ తొడిగించింది. నాంచారయ్య రెండుసార్లు చదివి, "ఊళ్లో ఎవరికీ చూపించకే," అన్నాడు. లారీ డ్రైవర్‌కి మొదట చూపించింది. కాయ కోస్తే మందారంలా ఉంది.

కోత బాగా వచ్చిందని తెలిసి కార్యాలయం గర్వపడింది. మచిలీపట్నంలో సభ పెట్టి జిల్లా ఉత్తమ కీటకంగా నాంచారయ్యని ఎంపిక చేసింది. ఒక్క పువ్వునైనా ముట్టుకోని అతనికి శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చి మైకు అందించారు. అతను తన విజయం వెనుక భార్య ప్రోత్సాహం కూడా కొంత ఉందన్నాడు.

వ్యాఖ్యాత వెంటనే మైకు అందుకున్నాడు. "మన కీటకం గారి సతీమణి కూడా సభలోనే ఉన్నారు. అమ్మా, ఒకసారి లేచి నిలబడండి. ఇంట్లోనే ఉంటారు కదా, చప్పట్లు ఆవిడకి కొత్త."