అత్తగారికీ అల్లుడికీ మధ్య నాలుగు రేకులు

శుక్రవారం ఉదయం బుయోండోకి ఉన్న పని ఒక్కటే. అత్తగారు మూడు రాత్రులు ఉండడానికి చవకలో ఒక హోటల్ గది చూడాలి. పదింటికల్లా అది ముగించుకుని దుకాణానికి వెళ్ళి, ఒక బడి బోర్డుకి రెండో పూత వేయాలని అతని ఆలోచన.

అతను మసాకాలో బోర్డులు రాస్తాడు. ఊళ్ళో హోటళ్ళ బోర్డుల్లో సగం అతని చేతివే. ఏ హోటలుకి ‘ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు’ అని రాశాడో అతనికి గుర్తే. వాటిలో ఎక్కడ వేడినీళ్ళు రావో కూడా తెలుసు. కాబట్టి గది చూడడానికి తనను మించినవాడు లేడనుకున్నాడు.

అత్తగారిది క్యోటెరా అవతల పల్లె. ఆ పల్లె కుర్రవాడొకడికి శనివారం పెద్ద చర్చిలో గురుపట్టాభిషేకం, అంటే ఫాదరీ అవుతున్నాడు. పల్లెకి పల్లే కదిలి వస్తోంది. బుయోండో ఇంట్లో ఉన్నవి రెండు గదులు, వాటి మీద ఒకటే పైకప్పు. చిక్కంతా అక్కడే. అత్తా అల్లుడూ ఒకే పైకప్పు కింద నిద్రపోకూడదు. ఎదురుపడకూడదు. ఒకరి మంచం మీద ఇంకొకరు కూర్చోకూడదు. ఇందులో ఏది తప్పినా చేతులకు వణుకు పడుతుందని పెద్దలు చెబుతారు. ఆఫీసు గుమాస్తాకి వణుకు పడితే సెలవు పెట్టుకుంటాడు. బోర్డులు రాసేవాడికి పడితే ఇంట్లో పొయ్యి వెలగదు. ఇదంతా నమ్ముతావా అని అడిగితే బుయోండో నమ్మననే చెప్పేవాడు. కుడిచేతిని పణంగా పెట్టి తేల్చుకోవాలని మాత్రం అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

అతని భార్య నకిబూకా టీ పోస్తూ షరతులు చెప్పింది. గది నేలమట్టంగా ఉండాలి. పక్కన బారు ఉండకూడదు. రాత్రికి ముప్పై వేల షిల్లింగులు దాటకూడదు.

“మంచం కిర్రుమనకూడదు. చేత్తో నొక్కి చూసి వచ్చేయకండి, పడుకుని చూడండి. మనింట్లో మంచం మీరు నొక్కి చూసి కొన్నదే.”

తానే హోటలుకి పోయి అత్తగారిని ఇంట్లో ఉంచితే సరిపోదా అని బుయోండో అడిగాడు. మొగుణ్ణి గెంటేసి తల్లిని తెచ్చిపెట్టుకుందని వీధంతా చెప్పుకుంటే మీకు బాగుంటుందేమో, నాకు బాగుండదని ఆవిడ అంది. ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

ముకిసా గెస్ట్ హౌస్ బస్టాండుకి నాలుగు నిమిషాల నడక. రెండు వరసల గదులు ఎదురెదురుగా ఉంటాయి. పాత వరసలో అయిదు, కొత్త వరసలో అయిదు. యజమాని కమోగా కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పట్టాభిషేకం కాబట్టి ఈ మూడు రోజులూ గది యాభై వేలు అన్నాడు. ఊళ్ళో ఎక్కడైనా అంతేనని బుయోండోకి తెలుసు. రిజిస్టరులో సంతకం పెడితేగాని తాళంచెవి ఇవ్వనన్నాడు. బుయోండో సంతకం పెట్టి, నాలుగో నంబరు గదిలోకి వెళ్ళి, చెప్పులు విడిచి, మంచం మీద పడుకున్నాడు. ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి దొర్లాడు. చప్పుడు లేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కమోగా, గది ఎవరికని అడిగాడు.

“మా అత్తగారికి.”

కమోగా మంచం వైపు చూశాడు. “మీరు పడుకున్న ఈ మంచం మీదా, సెబో?” అన్నాడు. సెబో అంటే అక్కడ అయ్యగారూ అన్నట్టు.

బుయోండో లేచి నిలబడ్డాడు. దుప్పటి మారిస్తే చాలదా అన్నాడు. దుప్పటి సంగతి కాదు, మంచం సంగతి అన్నాడు కమోగా. ఒక్క నిమిషమేగా పడుకున్నది అన్నాడు బుయోండో. పడుకున్నారా లేదా అన్నదే ప్రశ్న, ఎంతసేపు అన్నది ప్రశ్న కాదని కమోగా చెప్పాడు. కొత్త వరసలో తొమ్మిదో గది ఒక్కటే మిగిలింది. బుయోండో గుమ్మం దాటకుండా, చేతులు వెనక్కి కట్టుకుని ఆ గది చూసి, సరేనన్నాడు. నాలుగో గది కొట్టేయమన్నాడు.

“రిజిస్టరులో కొట్టివేతలు కుదరవు. ముప్పై ఏళ్ళు కోర్టులో పనిచేశాను, ఒక్క కొట్టివేత లేదు నా చేతి మీదుగా.”

ఆ విధంగా తొమ్మిదిన్నరకి బుయోండో పేర రెండు గదులయ్యాయి. ఫోన్లో ఈ మాట విన్నాక నకిబూకా రాత్రికి ఎంతని మాత్రం అడిగి పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

గంట తిరిగేసరికి ఆవిడే ఫోన్ చేసింది. బయటి ఊళ్ళ నుంచి వచ్చే పాటల బృందాలకి ఇళ్ళు కావాలని చర్చి కమిటీ వాళ్ళు వీధి వీధీ తిరుగుతున్నారట. మన ముందు గది ఎనిమిది మంది ఆడవాళ్ళకి ఇచ్చేశానని, లోపలి గదికి తాళం వేశానని, వాళ్ళిచ్చే డబ్బు రెండు గదులకీ సరిపోతుందని చెప్పింది. వీధిలో అందరూ అదే పని చేస్తున్నారు. తను తల్లితో కలిసి తొమ్మిదో గదిలో ఉంటుంది.

“మరి నేనో?”

“దుకాణంలో పడుకోండి.”

దుకాణం నేలంతా ఆరుతున్న బోర్డులు పరిచి ఉన్నాయి. పిల్లి నడవడానికి కూడా చోటు లేదని బుయోండో చెప్పాడు.

“నాలుగో గది ఉందిగా. ఎలాగూ డబ్బు కట్టేదే.”

ఈ మాట అన్నాక ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నాలుగో గదీ తొమ్మిదో గదీ ఒక్క హోటల్లోనే ఉన్నాయి.

“ఎదురెదురు వరసలు కదా,” అంది నకిబూకా చివరికి. “అది వేరు పైకప్పు, ఇది వేరు పైకప్పు. మీ మేనత్తని అడగండి.”

పెళ్ళికీ వియ్యానికీ సంబంధించిన విషయాల్లో బుయోండో వంశానికి మేనత్తే సుప్రీంకోర్టు. డెబ్బై ఆరేళ్ళు. ముగ్గురు భర్తల్ని సాగనంపింది. బుయోండో ముకిసాకి తిరిగి వచ్చి ఫోన్ చేస్తే విషయమంతా విని, అక్కడే నిలబడి పైకి చూడమంది.

“చూస్తున్నాను.”

“ఒరే, నీ గది రేకు మీద పడ్డ వానచుక్క పాకుతూ పాకుతూ మీ అత్తగారి గది రేకు మీదికి పోగలదా?”

రెండు వరసల మధ్య ఉన్న నడవ మీద కమోగా నాలుగు రేకులు వేయించాడు. వాటి ఒక అంచు పాత వరస మీద, రెండో అంచు కొత్త వరస మీద ఉంది. నడవ కింద అతని బల్ల, సోఫా, అతిథుల మోటారుసైకిళ్ళు.

“పోగలదు,” అన్నాడు బుయోండో.

“అయితే ఒకటే పైకప్పు. నీ చెయ్యి నీ ఇష్టం.”

పక్కన నిలబడి వింటున్న కమోగాకి ఇందులో వృత్తిపరమైన ఆసక్తి పుట్టింది. ఫోన్ తీసుకుని, ఆ నాలుగు రేకులూ తీసేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. ఇద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. దూలాలు ఉండవచ్చా అన్నదాని మీద కొంత వాదన జరిగింది. దూలం మీద వాన నిలవదు కాబట్టి ఉండవచ్చని, నడవలోంచి తలెత్తితే ఆకాశం కనిపిస్తే అవి రెండు ఇళ్ళేనని మేనత్త తీర్పు చెప్పింది. రేకులు బుయోండోయే తీయాలి, ఆదివారం బుయోండోయే బిగించాలి అని కమోగా షరతు పెట్టాడు.

ఒంటిగంటకి బుయోండో దుకాణం నుంచి తన నిచ్చెన తెచ్చి ఎక్కాడు. కింద నుంచి ఒక అతిథి, ఎందుకు తీస్తున్నారని అడిగాడు. మా అత్తగారు వస్తున్నారని బుయోండో చెప్పాడు. అతిథి ఇంకేమీ అడగకుండా వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. రెండున్నరకి నాలుగు రేకులూ గోడకి ఆనించి ఉన్నాయి. నడవలో నిలబడి చూస్తే ఆకాశం కనిపిస్తోంది. అది నవంబరు నెల, అక్కడ వానల కాలం. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నకిబూకా మూడింటికి టాక్సీల స్టాండులో, మిడతలు వేయించి అమ్మేవాళ్ళ పక్కన నిలబడింది. క్యోటెరా టాక్సీ ఒకటి వచ్చింది. తల్లి దిగలేదు. రెండోదీ వచ్చింది. ఆ పెద్దావిడ మాట్లాడవలసి వచ్చినప్పుడే ఫోన్ ఆన్ చేస్తుంది, మాట్లాడాక ఆపేస్తుంది. అందుకని ఆవిడకి ఫోన్ చేసి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు.

నాలుగుంపావుకి వాన మొదలైంది.

రెండు వరసల రేకుల వాలూ నడవ వైపే. అంతవరకు ఆ నాలుగు రేకుల మీదుగా వెనక కాలువలోకి పోయే నీళ్ళు ఇప్పుడు తిన్నగా కమోగా బల్ల మీద పడ్డాయి. కమోగా ముందు రిజిస్టరు తీసి చొక్కాలో పెట్టుకున్నాడు. సోఫా నానిపోయింది. కొత్త వరస నేల పాతదానికన్నా నాలుగు వేళ్ళు దిగువ. ఆరో గది నుంచి పదో గది దాకా నీళ్ళు గుమ్మాలు దాటాయి. అతిథులు మోటారుసైకిళ్ళ కోసం పరుగెత్తారు. నిచ్చెన పట్టుకున్న పెద్దమనిషిది ఎనిమిదో గది. మర్నాటి కోసం తెచ్చుకున్న కోటు మంచం కింద సంచిలో ఉంది. అతను ఆ కోటును బుయోండో ముందు పిండి వెళ్ళిపోయాడు.

బుయోండో చీపురు పట్టుకుని తొమ్మిదో గది గుమ్మంలో నీళ్ళు బయటికి తోస్తున్నాడు. తోసిన నీళ్ళు తోసినట్టే లోపలికి వస్తున్నాయి. కమోగా ఒక రేకు భుజాన వేసుకుని వచ్చాడు.

“ఎక్కండి, సెబో. మూసేద్దాం.”

“ఆవిడ ఏ నిమిషానైనా రావచ్చు. ఇప్పుడు మూస్తే నా చెయ్యి పోతుంది.”

“మూయకపోతే నా హోటలు పోతుంది.”

ఇద్దరూ రేకుకి చెరో అంచు పట్టుకుని వానలో నిలబడ్డారు. కమోగా లాగాడు. బుయోండో వదల్లేదు. చేతుల వైపు చూసుకుంటే కుడిచెయ్యి వణుకుతోంది. చలికో, బరువుకో, ఇంకెందుకో అతనికి తెలియలేదు. అత్తగారు ఇంకా ఊళ్ళోకే రాలేదు కదా, అప్పుడే ఎలా పడుతుందని తనకి తాను చెప్పుకున్నాడు. అయినా రేకు వదిలేసి ఆ చేతిని చంకలో పెట్టుకున్నాడు. రెండో అంచుతో కమోగా నీళ్ళలో కూర్చుండిపోయాడు.

ఆరింటికి వాన వెలిసింది. అప్పుడు నకిబూకా ఫోన్ వచ్చింది.

“అమ్మ దొరికింది.”

“ఎక్కడ?”

“మనింట్లో.”

పక్కింటి నంపీమా ఫోన్ చేసి, మీ అమ్మ మీ వసారాలో అరటికాయలు తొక్క తీస్తోందేమిటి అని అడిగిందట. నకిబూకా తడిసిన బట్టలతోనే పరుగెత్తింది. కమిటీ పంపిన ఎనిమిది మంది ఆడవాళ్ళూ తల్లి పల్లె బృందమే. తల్లి వాళ్ళలో ఒకతె. అందరూ కలిసి లారీలో వచ్చారు. మూడింటికే దిగి, నకిబూకా నంపీమా దగ్గర ఉంచిన తాళంచెవి వాళ్ళలో ఒకతె తెచ్చి తలుపు తీశాక, అల్లుడి ఇల్లు ఎప్పుడూ చూడని తల్లి గోడ మీద కూతురి పెళ్ళిఫోటో చూసిందట. కూర్చుని నవ్విందట. లేచాక మళ్ళీ నవ్విందట. హోటలుకి రమ్మంటే, తోటివాళ్ళని వదిలి ఎక్కడికీ రానందట.

బుయోండో గోడకి ఆనుకున్నాడు. “లోపలి గదిలోకి వెళ్ళిందా?”

“తాళం వేశానని చెప్పానుగా. ముందు గదిలో ఎనిమిది చాపలు పరుచుకున్నారు.”

“మంచం?”

“మంచాన్ని చూడను కూడా లేదు.”

ఆవిడకి కోపంగా ఉందా అని అడిగాడు.

“కోపమా? అల్లుడు ఇల్లు ఇల్లంతా అత్తకీ అత్త స్నేహితురాళ్ళకీ వదిలేసి తను హోటలుకి పోయాడట. ఇంత మర్యాద తెలిసినవాడు మన పల్లెలో ఏ ఇంటికీ దొరకలేదని మిగతా ఏడుగురికీ చెబుతోంది. వాళ్ళు ఒప్పుకున్నారు కూడా.”

“ఆ ఇంటికి వాళ్ళు అద్దె కడుతున్నారు కదా?”

“ఆ సంగతి నేను ఎత్తలేదు. మీరూ ఎత్తకండి.”

నకిబూకా ఆ మూడు రాత్రులూ తల్లి పక్కన తొమ్మిదో చాప వేసుకుంది. వీధిలో వాళ్ళు కూడా బుయోండో మర్యాద గురించే మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. బుయోండో నాలుగో గదిలో, కిర్రుమనని మంచం మీద ఉన్నాడు. సోమవారం పొద్దున అత్తగారి లారీ ఊరు దాటిందని కబురు అందాక దుకాణానికి వెళ్ళాడు. బడి బోర్డు జోలికి పోకుండా, ముందు ఒక పాత చెక్క తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి బద్ద ఆసరా లేకుండా గీత గీశాడు. చెక్కని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. గీత తిన్నగానే ఉంది. ఇంకొకటి గీశాడు. అదీ తిన్నగానే ఉంది. అప్పుడు రంగుడబ్బా మూత తీశాడు.

కమోగా పదింటికి వచ్చాడు. ఆదివారం రేకులు బిగించడానికి బుయోండో నిచ్చెన తెస్తే ఇంకా ఆలోచిస్తున్నానని అతన్ని ఆపాడు. ఆలోచన ఇప్పుడు పూర్తయినట్టుంది. నడవకి రెండు పక్కలా కాలువ తవ్విస్తున్నానని, బల్లని పాత వరసలోకి మార్చానని, రేకులు ఇక అక్కర్లేదని చెప్పాడు. సోఫా నష్టం కింద ఒక బోర్డు ఊరికే రాసివ్వాలన్నాడు. రాయవలసిన మాటలు కాగితం మీద తెచ్చాడు. ఒక్క కొట్టివేత లేదు. ‘అత్తలకు ఒక పైకప్పు, అల్లుళ్ళకు ఒక పైకప్పు. మధ్యలో ఆకాశం.’

బుయోండో దాన్ని నీలం మీద పసుపుతో రాశాడు.

డిసెంబరు రెండో వారంలో అత్తగారు ఫోన్ ఆన్ చేసి కూతురితో మాట్లాడారు. అంత మంచి అల్లుడి ఊళ్ళో క్రిస్మస్‌కి పది రోజులు ఉంటానని చెప్పి ఆపేశారు. బుయోండో వెంటనే ముకిసాకి ఫోన్ చేశాడు. జనవరి దాకా రెండు వరసల్లోనూ ఒక్క గదీ ఖాళీ లేదని, బోర్డు చాలా బాగా పనిచేస్తోందని కమోగా చెప్పాడు.