ఎనిమిది పాటల ఆవిష్కరణ

పాట పుట్టేది గొంతులో కాదు, ఆవిష్కరణ సభలో! ఈ మహాసత్యం సుబేదారి కాలనీ గాయకుడు దావీదుకు కాస్త ఆలస్యంగా తెలిసింది. తాను రాసి పాడిన ఎనిమిది క్రైస్తవ గీతాలను ఇంటర్నెట్టులో పెట్టి నెల దాటింది. అన్నీ కలిపి నలభై ఒక్కసార్లు మోగాయి. అందులో ముప్ఫైసార్లు విన్నది తానే. ఒక్కరైనా మనసుపెట్టి విని బాగుందంటే చాలునని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

అందుకని సీడీ ఆవిష్కరణ తలపెట్టాడు.

"పాటలు ఫోన్ల ఉండనే ఉన్నయి. మనింట్లనే సీడీ పెట్టే మిషన్ లేదు. ఇగ సీడీలెందుకు?" అంది భార్య లిదియా.

"పెద్దమనుషులు స్టేజీ మీద వరుసగ నిలబడి ఛాతీ ముందర ఏం పట్టుకుంటరే? లింకు పట్టుకుంటరా?"

హనుమకొండలో ప్రింటింగ్ షాపతను ఈ విషయంలో దావీదుకన్నా అనుభవజ్ఞుడు. "డబ్బాలు చాలు సార్. లోపల సీడీ పెట్టుడు బందయి నాలుగేండ్లాయె. ఎవ్వలు తెరుస్తలేరు" అన్నాడు. దావీదు ముఖం రంగుల్లో అచ్చయిన ఇరవై ఖాళీ డబ్బాలు వచ్చాయి. అందులో ఒకటి ఆహ్వానపత్రికతోపాటు ముఖ్య అతిథి రాజేశ్వర్ రావు ఇంటికి వెళ్ళింది. ఆయన కాలనీ సంఘం అధ్యక్షుడు. యోగా సభకు పిలిస్తే యోగా ప్రియుడు, పాటల సభకు పిలిస్తే సంగీత ప్రియుడు.

సభలో ఆయన మైకు అందుకున్నాడు.

"ఫోన్ల పాట పాటేనా? అసలు మజా సీడీల ఉంటది! దావీదు పంపిన సీడీ వారం నుంచి రోజూ పొద్దుగాల ఇంటున్న. ఆ ఆరో పాటల ఫ్లూటు... ఏడిపిచ్చిండయ్యా!"

చప్పట్లు మోగాయి. డబ్బా ఖాళీ అని తెలిసి కూడా దావీదు కళ్ళు తుడుచుకున్నాడు. పొగడ్త అంత తియ్యనిది! ఆరో పాటలో అసలు ఫ్లూటే లేదన్న సంగతి పాపం అతనికి గుర్తే రాలేదు.

అంతలో నెక్కొండ నుంచి వచ్చిన మేనత్త రెబెకా స్టేజీ ఎక్కింది.

"నాకు పెద్ద ఫోన్ లేదు కొడుకా. సీడీ మిషనైతే ఉన్నది. ఒకటియ్యి, ఇంటికి పోయి జర నిమ్మళంగ వింట."

ఇన్నాళ్ళకు వినే మనిషి దొరికింది! దావీదు గబగబా అడ్డం వచ్చాడు. "నేనే తెచ్చిస్త అత్తా..." అంటుండగానే ఆమె బల్లమీది డబ్బా తీసి తెరిచింది.

"ఇందుల ఏం లేదేంది కొడుకా?"

మైకు ఆ మాటను హాలంతా పంచింది. దావీదు సిగ్గుతో తల దించుకున్నాడు. రాజేశ్వర్ రావు మాత్రం కుర్చీలోంచి దిగ్గున లేచి మండిపడ్డాడు.

"అరే, గింత మోసమా! అంటే నాకు పంపినదాంట్ల గూడ ఏం లేదా?"