గోడ ఎవరి పరిధి?

మానవజాతి కనిపెట్టినవాటిలో గొప్పది టెలిఫోను అని చాలామంది పొరబడుతుంటారు. నిజానికి గొప్పది, టెలిఫోను పాడైతే ఆ తప్పు ఎవరిదీ కాకుండా చూసే ఏర్పాటు.

ఈ సత్యం లెక్కల మాస్టారికి ఒక సోమవారం పొద్దున బోధపడింది. హాల్లో ఫోను మూగబోయింది. అదే తీగ మీద వచ్చే నెట్టూ పోయింది. గోడ పక్కనున్న డబ్బాలో ఎర్ర దీపం మాత్రం నిక్షేపంలా వెలుగుతోంది. మామూలు రోజుల్లో అయితే మాస్టారు సంతోషించేవారే (బావమరిది రోజూ ఫోను చేసి మోకాళ్ల గురించి సలహాలిస్తాడు). కానీ శుక్రవారం మధ్యాహ్నం కూతురికి నెట్‌లో ఇంటర్వ్యూ. చదువు అయిపోయి ఇంట్లో కూర్చున్న పిల్లకి ఇన్నాళ్లకి వచ్చిన పిలుపు. పిలిచింది ఆ టెలిఫోను కంపెనీయే. అభ్యర్థి సొంత ఇంటి లైను మీదే హాజరు కావాలని షరతు కూడా పెట్టింది (తమ లైన్ల మీద వాళ్లకి అంత నమ్మకం).

మాస్టారు మేడెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన సెల్లుకి సిగ్నలు అందే మూల వెతుక్కుని ఫిర్యాదు విభాగానికి ఫోను చేశారు.

"ఏ నంబరు పాడైందో ఆ నంబరు నుంచే చేయాలి సార్," అంది తియ్యటి గొంతు.

"అది పనిచేయట్లేదమ్మా!"

"ఆ మాటే ఆ నంబరు నుంచి చెప్పండి సార్."

మాస్టారు బతిమాలారు, అరిచారు, చివరికి గొంతు పోయింది. అప్పుడు ఫిర్యాదు నమోదైంది.

మర్నాడు బయటి లైన్‌మన్ వచ్చాడు. నిచ్చెన వేసుకుని స్తంభమెక్కి, గోడ దాకా తీగ పరీక్షించాడు. "లైను బంగారంలా ఉందండీ. తప్పు లోపలుంది."

"అయితే లోపలికొచ్చి చూడు బాబూ."

"గుమ్మం దాటితే నా ఉద్యోగం పోద్దండీ." మాస్టారి భార్య ఇచ్చిన టీ కూడా మెట్టు మీద నిలబడే తాగాడు.

ఆ మర్నాడు లోపలి లైన్‌మన్ వచ్చాడు. పొరపాటున స్తంభం కంటపడకుండా కిటికీ తలుపు వేయించుకుని, ఫోను నుంచి గోడ దాకా చూశాడు. "ఇక్కడంతా భేషుగ్గా ఉంది సార్. తప్పు బయటుంది."

గురువారం మాస్టారు ఇద్దర్నీ ఒకేసారి రప్పించి, ఒకణ్ణి కిటికీ అవతల, ఒకణ్ణి ఇవతల నిలబెట్టారు. వాళ్లిద్దరూ ఎంతో స్నేహంగా మాట్లాడుకుని ఒక అభిప్రాయానికి వచ్చారు. తప్పు గోడలో ఉంది.

"గోడ బయటి ముఖం నాదండీ, లోపలి ముఖం వీడిది," అని వివరించాడు బయటివాడు. "మధ్యలో ఇటుక మీది."

"మధ్యలో సంగతి చూడ్డానికి మనిషే లేడా?"

"మధ్యమ పరిధి అధికారి ఉన్నారు సార్," అన్నాడు లోపలివాడు గౌరవంగా.

అధికారి సాయంత్రం వేంచేశారు. గోడ మందం కొలిచి, జానెడు దాటిన గోడ కంపెనీ దృష్టిలో గోడ కాదనీ, అది రెండు లైన్ల మధ్య ఉన్న అడ్డంకి అనీ తేల్చారు. పలచబరిస్తే పరిశీలిస్తామన్నారు. మాస్టారికి ఏడుపొచ్చింది. కూతురు ఆయన భుజం తట్టి, "పోనీలెండి నాన్నా," అంది.

శుక్రవారం మధ్యాహ్నం భార్య గదమాయించింది. "నెట్టు వస్తుందో రాదో నాకు తెలీదు. పిల్ల వెనక గోడ మాత్రం నీటుగా కనబడాలి. ఆ క్యాలెండరు తీసెయ్యండి."

అది టెలిఫోను కంపెనీ ఉచితంగా పంపిన క్యాలెండరు. ఆదివారం సాయంత్రం మాస్టారే స్వహస్తాలతో తగిలించారు. ఇప్పుడు క్యాలెండరు తీసి, మేకు పట్టకారుతో లాగారు. డబ్బాలో దీపం పచ్చగా వెలిగింది. గోడలో రెండు తీగల్నీ కలిపి పొడిచిన ఆ మేకుని మాస్టారు గబుక్కున జేబులో వేసుకున్నారు.

ఇంటర్వ్యూలో పెద్దమనిషి ఒకే ప్రశ్న అడిగాడు. "తప్పు గోడలో ఉందనుకోండి. ఖాతాదారుకి ఏం చెబుతారు?"

అమ్మాయి తండ్రి వైపు ఒకసారి చూసింది. "గోడ మన పరిధి కాదని నవ్వుతూ చెబుతానండీ."

ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశారు. కూతురు ఫిర్యాదు విభాగంలో చేరి, వేరే ఊళ్లో హాస్టల్లో దిగింది. మొదటి నెలలోనే ఉత్తమ ఉద్యోగిగా ఎంపికై ఫొటో పంపించింది. మాస్టారు పొంగిపోయి దాన్ని ఫ్రేము కట్టించి, హాల్లో అందరికీ కనబడే చోట, దిట్టంగా మేకు కొట్టి తగిలించారు.

ఫోను మూగబోయింది.

మాస్టారు మేడెక్కి, ట్యాంకు పక్కన నిలబడి ఫిర్యాదు విభాగానికి ఫోను చేశారు. అవతల గొంతు వినగానే ఆయన ప్రాణం లేచొచ్చింది.

"అమ్మలూ! నేనే, నాన్నని!"

"చాలా సంతోషం సార్," అంది కూతురు. "ఆ మాటే ఆ నంబరు నుంచి చెప్పండి."