బాతు క్యాంపులో ఉంది

బాన్సువాడ కంప్యూటర్లలో ఇక తప్పు అనేది దొరకదని సాంకేతిక లోపాల నివారణ కమిటీ చైర్మన్ భీంరావు సోమవారం ప్రకటించారు. తప్పులు పట్టే అలవాట్ల మీద ఆయన హైదరాబాద్‌లో ఒక పూట శిక్షణ పొందారు. భోజనం కూడా పెట్టారు.

ఆ సమయానికి ఊరి శివారు వడ్ల కొనుగోలు కేంద్రంలో పోసవ్వ మూడో రోజు కూర్చుని ఉంది. ట్యాబ్ ఆమెకు టోకెన్ ఇవ్వడం లేదు. టోకెన్ లేనిదే కాంటా వేయరు. వడ్లు నేల మీద ఉన్నాయి. కప్పడానికి టార్పాలిన్ లేదు. పడమట మబ్బు ఉంది.

చైర్మన్ పార్టీ కార్యకర్తలతో వచ్చారు. విలేకరిని కాబట్టి నేను నోట్‌బుక్ తీశాను.

“ఫస్ట్ హ్యాబిట్. సమస్యను మళ్లా పుట్టియ్యాలె,” అన్నారాయన.

ఆపరేటర్ సంజన వేరే రైతు పేరు కొట్టింది. టోకెన్ వచ్చింది. చైర్మన్ నొచ్చుకున్నారు. ట్యాబ్ తీసుకుని తానే నొక్కారు. పది నిమిషాల్లో ఎవరికీ టోకెన్ రాకుండా పోయింది. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. సంజన ట్యాబ్ ఆఫ్ చేసి ఆన్ చేసింది. మళ్లీ పోసవ్వకు మాత్రమే రాలేదు.

“సెకండ్ హ్యాబిట్. ఒకసారికి ఒక్కటే మార్చాలె.”

మొదట కుర్చీ మార్చారు. తర్వాత బల్లను తూర్పుకు తిప్పారు. టోకెన్ రాలేదు.

“సార్, తెర మీద ఎర్రగ ఏదో వస్తుంది. చదవాల్నా?” అంది సంజన.

“చదువుడు నాలుగో హ్యాబిట్. ఇంక మూడోది కాలే.”

మూడోది, సమస్యను బాతుకు చెప్పడం. చెప్పుకుంటూ పోతే తప్పు దానంతటదే బయటపడుతుందట. శిక్షణలో బల్ల మీద పెట్టింది రబ్బరు బాతు. బాన్సువాడలో అది దొరకలేదు. కార్యకర్త ముత్యం ప్రాణమున్న బాతును తెచ్చాడు. దానికి కుర్చీ వేశారు. చైర్మన్ నలభై నిమిషాలు పార్టీ విజయాలు వివరించారు. బాతు దిగి పోసవ్వ వడ్లు తింది.

“ఏంది సారూ గిది? మూడొద్దుల సంది నా మాట ఇననోళ్లు బాతుకు కుర్సీ ఏసిండ్రు!”

“నువ్వు గూడ చెప్పుకోరాదవ్వా,” అన్నాడు ముత్యం.

పోసవ్వ బాతు ముందు కూర్చుంది. “ఓ బాతమ్మా, నా పేరు పోసవ్వ. గా మిషన్ల పోచవ్వ అని కొట్టిండ్రు. మొదటి దినమే చెప్పిన. నువ్వన్న ఇను.”

సంజన విన్నది. ఒక అక్షరం మార్చింది. టోకెన్ వచ్చింది.

“ఆగు!” అన్నారు చైర్మన్. “తప్పు దొరకవట్టిందెవరు?”

“బాతు, సార్.”

“మరి బాతు సంతకం లేకుంట టోకెన్ ఎట్లిస్తవ్?”

“బాతు సంతకమా సార్?”

“కాలిముద్ర అయినా నడుస్తది.”

అప్పటికే బాతును సన్మానానికి జీపెక్కించారు. చైర్మన్ బొమ్మ, బాతు బొమ్మ వేసిన ఫ్లెక్సీ సాయంత్రానికి గేటుకు వచ్చింది.

మర్నాడు పోసవ్వ మళ్లీ వచ్చింది. వెనుక బాతు ముద్ర కోసం ఇంకో నలభై మంది ఉన్నారు.

“బాతు ఉన్నదా బిడ్డా?” అని సంజనను అడిగింది.

“లేదవ్వా. క్యాంపుల ఉన్నది. సోమవారం వస్తది.”

చినుకు పడింది. పోసవ్వ గేటు దాకా ఉరికి ఫ్లెక్సీని తాళ్లతో సహా తెంపుకొచ్చింది. కుప్ప మీద కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. వాన గంటన్నర కురిసింది.

పోసవ్వ వడ్లు తడవకుండా కాపాడింది తానేనని చైర్మన్ ఆ సాయంత్రం ప్రకటించారు. నేను వెళ్లి చూశాను. నిజమే.