పట్టని పేరు

1988 జూలైలో నందిగామలోని ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద గొప్ప ప్రకటన వెలిసింది. లెక్కల లెక్చరర్ శ్రీ భవానీప్రసాద్ గారు బేసిక్ అనే కంప్యూటర్ భాషను సంస్కరించి, అందులో 'ఆబ్జెక్టులు' ప్రవేశపెట్టారనీ, ఇది మెట్ట ప్రాంతానికే గర్వకారణమనీ దాని సారాంశం. రాసింది భవానీప్రసాదే. చేతిరాత గుర్తుపడతారేమోనని ఎడంచేత్తో రాశాడు.

సంగతి నిజానికి చిన్నదే. బేసిక్‌లో ఓ విద్యార్థి పేరు ఒకచోట, మార్కులు ఇంకోచోట, వాటిని కూడే పద్ధతి మరోచోట ఉంటాయి. భవానీప్రసాద్ అన్నిటినీ కలిపి మూట కట్టాడు. ఆ మూటే ఆబ్జెక్టు. పిలిస్తే పలుకుతుంది, తన సంగతి తనే చెప్పుకుంటుంది. అక్కడితో ఆగితే బాగుండేది. మూటకు పిల్లమూటలు, తల్లి గుణాలు పిల్లలకు వచ్చే ఏర్పాటు అంటూ ఎండాకాలం సెలవులన్నీ చేరుస్తూనే పోయాడు.

"మామూలుగా ఉన్నప్పుడే బాగా పనిచేసేది కదండీ," అంది భార్య పుష్పవతి.

పనిచేయడం వేరు, అభివృద్ధి వేరు అని ఆమెకు ఓపిగ్గా వివరించాడు.

ఇంత తాపత్రయం దేనికంటే, ఆరేళ్లుగా అతని ఉద్యోగం టెంపరరీ. పర్మినెంట్ చేయాల్సింది కాలేజీ చైర్మన్, పార్టీ నాయకుడు తిరుపతిరావు.

ప్రారంభోత్సవానికి తిరుపతిరావు జగ్గయ్యపేట నుంచి మూడు జీపుల్లో మందితో వచ్చాడు. క్యాసెట్‌లోంచి భాష కంప్యూటర్‌లోకి ఎక్కడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ ఆయన సైన్సు మీద ప్రసంగించాడు. తర్వాత తనను ఆబ్జెక్టుగా చేయమన్నాడు.

భవానీప్రసాద్ భక్తిగా ఆయన పేరు కొట్టాడు. తెరమీద 'అవుటాఫ్ మెమరీ' అని పడింది. ఉన్న చోటంతా భాషే తినేసింది. మిగిలింది పది ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా.

ఏమైందని చైర్మన్ అడిగాడు. అబద్ధం తట్టక భవానీప్రసాద్ నిజమే చెప్పాడు.

"మీ పేరు దీంట్లో పట్టట్లేదండి."

తిరుపతిరావు కాసేపు తెరవంక చూసి మెల్లగా తలూపాడు.

"ఎట్టా పట్టుద్దయ్యా. చిల్లకల్లు నుంచి కంచికచర్ల దాకా ఎక్కడ పట్టింది గనక."

చప్పట్లు మోగాయి. ఆ సంబరంలో భవానీప్రసాద్ ఒళ్లు మరిచి, పరీక్ష కోసం అటెండర్ కనకయ్య పేరు కొట్టాడు. పట్టింది. 'నేను కనకయ్యను' అని తెరమీద వచ్చింది. చప్పట్లు ఆగిపోయాయి.

వారం తర్వాత పర్మినెంట్ ఆర్డరు చేతికందింది. హోదా, భాషాభివృద్ధి అధికారి. షరతు ఒకటే: చైర్మన్ గారి పేరు పట్టని భాషలో ఇకముందు ఎవరూ ఏదీ రాయరాదు.

భవానీప్రసాద్ మళ్లీ ఆ భాషలో ఒక్క అక్షరమూ కొట్టలేదు, షరతును తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ ఏడు సర్వీసు రిజిస్టర్‌లో అతని పేరు పక్కన 'విధినిర్వహణ: అద్భుతం' అని పడింది.