పచ్చ దీపం, జన్నత్ బీ కన్ను

"గా పేజీల దీపం పచ్చగనే ఉన్నది, అమ్మీ. సైటు మంచిగ నడుస్తాంది."

"నడుస్తే నాకు టోకెన్ ఎందుకిస్తలేదు, బేటీ?"

కల్వకుర్తిలో నూరుద్దీన్ ఇంట్లో పొద్దున మొదలైన ఈ వాదన సాయంత్రం చాయ్ దాకా వచ్చింది. ఆన్‌లైన్ సేవ నడుస్తోందో లేదో తేల్చే అర్హత దాన్ని వాడుకునేవాళ్లకు లేదు. (వాళ్లకు పని కావాలి, నిష్పక్షపాతంగా ఎలా చెబుతారు?) అందుకే ఒక కంటి దవాఖాన తన టోకెన్ల సైటుకు కాపలా ప్రోగ్రాం, అందరూ చూడగలిగే దీపాల పేజీ పెట్టించుకుంది. రెండింటినీ ఇంట్లో కూర్చునే అమర్చింది కోడలు షగుఫ్తా. అత్త జన్నత్ బీ కుడి కంటికి పొర కమ్మింది. ఆపరేషన్‌కు టోకెన్ కావాలి.

కాపలా ప్రోగ్రాం రోజంతా రోగిలా టోకెన్ అడుగుతూ ఉంటుంది. సైటు బదులిస్తే పచ్చ దీపం, ఇవ్వకపోతే ఎర్ర దీపం. బదులులో ఏముందో చదవదు. (చదివితే రంగులు చాలవు.)

అడగడానికి ఒక రోగి పేరు కావాలి. షగుఫ్తా నోటికొచ్చిన అత్త పేరే పెట్టింది. టోకెన్ తీసుకుని రానివాళ్ల పేరు మూసేయాలని దవాఖాన నియమం. కాపలా ప్రోగ్రాం తీసుకున్న టోకెన్లకు మొదటి వారంలోనే జన్నత్ బీ లెక్కలేనన్నిసార్లు రాలేదు. అప్పటి నుంచి ఆ పేరుతో ఎవరడిగినా, "మీకు టోకెన్ ఇవ్వబడదు" అని సైటు తడుముకోకుండా, మర్యాదగా బదులిస్తోంది. దీపం పచ్చగా వెలుగుతోంది.

సంగతి విని జన్నత్ బీ నోరు నొక్కుకుంది. "నేను రాలేదంటనా! నన్నెవడు పిలిచిండు?"

షగుఫ్తా దవాఖానలో దీపాల పేజీ చూసే అధికారి పరశురాంకు ఫోన్ చేసింది.

"సార్, కాపలా ఆపేస్త. మా అత్తమ్మ పేరు తెరువుండ్రి."

"ఆపితె దీపం ఎర్రగైతదమ్మా. పెద్దసారు దీపమే చూస్తడు, రోగుల్ని గాదు. గామె పేరు తెరుస్త గని, గా జాగాల ఇంకో అసలు మనిషి పేరు పెట్టు."

ఫోన్ పెట్టేసరికి జన్నత్ బీ చేయి చాయ్ గ్లాసు కోసం పళ్లెంలో తడుముతోంది. షగుఫ్తా అబ్బా అని పిలిచే మామ నూరుద్దీన్ పేపరును చేతులు చాచినంత దూరం పట్టుకుని, "ఈ మధ్య అక్షరాలు మస్తు చిన్నగ ఏస్తున్నరు" అని విసుక్కుంటున్నాడు.

షగుఫ్తా గ్లాసు అత్త చేతికి అందించి, ఇంటిల్లిపాదికీ వినబడేలా నెమ్మదిగా చెప్పింది.

"అమ్మీకి రేపు టోకెన్ వస్తది. ఇయ్యాల్టి సంది కాపలాకు అబ్బా పేరు పెడుతున్న. ఆయన కండ్లకు ఇప్పట్ల ఏం గాదు."